బందరు రోడ్డు మీద రేసు పెట్టగలమా?

ఐరోపాలో ఫార్ములా వన్ పోటీ ఉందంటే మనకు ఆదివారం సాయంత్రం ఆరున్నర. ఆ వేళకి మన బెజవాడలో పటమట హాస్టళ్లలో, ఆటోనగర్ షాపుల వెనక గదుల్లో, భవానీపురం డాబాల మీద ఫోన్లు నీళ్ల సీసాలకు ఆనించి ఉంటాయి. ఐదు ఎర్ర లైట్లు వెలిగి ఆరాక గంటన్నరలో రేసు అయిపోతుంది. అసలు పోటీ మాత్రం అప్పుడే టీ కొట్టు దగ్గర మొదలవుతుంది. ఎవరు గెలిచారన్నది ఐదు నిమిషాల మాట. డ్రైవరు తల చుట్టూ ఆ హాలో చట్రం అక్కర్లేదని ఒకడు, పాత ఇంజన్ల శబ్దం ముందు ఇవి కుట్టుమిషన్లని ఇంకొకడు, కొత్త సర్క్యూట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయని మూడోవాడు. రెండో టీ సగమయ్యేసరికి ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేయక మానరు. మన బందరు రోడ్డు మీద పెడితే?

కాగితమ్ముక్క దొరికితే చాలు, సర్క్యూట్ తయారు. బెంజ్ సర్కిల్ దగ్గర స్టార్టు. బందరు రోడ్డు మీదుగా పోలీస్ కంట్రోల్ రూమ్ దాకా తిన్నగా పోయి, బస్టాండు దగ్గర ఎడమకి తిరిగి, కృష్ణలంక పక్కన హైవే పట్టుకుని మళ్లీ బెంజ్ సర్కిల్. కాస్త హుషారైనవాడు బస్టాండు దగ్గర ఆగడు. కార్లను కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కించి, ఇంద్రకీలాద్రి పక్క వంపులో కృష్ణమ్మను చూపించి మరీ వెనక్కి తెస్తాడు. టీవీలో అద్భుతంగా ఉంటుందనడంలో నాకూ సందేహం లేదు.

కానీ రేసు ట్రాకును చూసేవాడు తారును మాత్రమే చూడడు. ఆ తారులో దిగేసి ఉన్న మూతలను కూడా చూస్తాడు. 2023 నవంబరులో లాస్ వెగాస్‌లో కొత్త వీధి సర్క్యూట్ మీద తొలి ప్రాక్టీసు మొదలై పది నిమిషాలు కూడా కాలేదు, రోడ్డులోని నీటి వాల్వు మూత లేచి కార్లోస్ సైంజ్ ఫెరారీ అడుగుభాగాన్ని చీల్చేసింది. కారు కింద పుట్టే గాలి లాగుడు అంత బలమైనది. ప్రాక్టీసు అక్కడే ఆపేసి, మూతలన్నీ సరిచూసి, మళ్లీ మొదలుపెట్టేసరికి తెల్లవారుజాము. ప్రేక్షకులను అప్పటికే ఇళ్లకు పంపేశారు. వందల కోట్లు పోసిన చోట పరిస్థితి అది. బందరు రోడ్డు మీద ఎన్ని మ్యాన్‌హోళ్లున్నాయో, వానాకాలంలో అవి ఏం చేస్తాయో బెజవాడవాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఇక ఫ్లైఓవర్. దాని పిట్టగోడ బస్సును ఆపడానికి సరిపోవచ్చు. 250 కిలోమీటర్ల వేగంతో పక్కకు జారే కారుకు కావలసింది జారడానికి చోటు. ఆ చోటు లేకపోతే గోడ ముందు దెబ్బను మింగే అడ్డు ఉండాలి. పాత టైర్లను వరసలుగా పేర్చి, బోల్టులతో బిగించి, ముందువైపు కన్వేయర్ బెల్టు తొడిగి కట్టే అడ్డుగోడ చాలా ట్రాకుల్లో ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది. ఆ బెల్టు ఎందుకంటే, కారు ముక్కు టైర్ల మధ్య ఇరుక్కోకుండా గోడ వెంట జారిపోవాలి. ఆటోనగర్‌లో పాత టైర్ల గుట్టల మధ్య పెరిగిన కుర్రాడికి ఈ సంగతి చెబితే, ‘ఇది మనం కట్టలేమా’ అన్నాడు. కట్టగలం. అయితే టైర్లతోనే అయిపోదు. మలుపు మలుపుకీ జెండా పట్టుకున్న మార్షల్, నిమిషంలో చేరే వైద్యుల కారు కావాలి. వైద్య హెలికాప్టర్ ఎగరలేక, ఆసుపత్రికి రోడ్డు దారి దూరమైతే ఫార్ములా వన్ కార్లను ట్రాకు మీదికే పంపరు.

మనవాళ్లు ఇదంతా దగ్గరగా చూసింది హైదరాబాద్‌లో. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. మన దేశానికి అదే తొలి ఫార్ములా ఈ. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంటిదారి పట్టాయి. బెజవాడ నుంచి పొద్దున్నే బయల్దేరి వెళ్లినవాళ్లు ఇప్పటికీ రెండు సంగతులు చెబుతారు. ఒకటి, శబ్దం లేకపోయినా ఒళ్లు జలదరించడం. రెండు, కంచెల మధ్య నుంచి కారు కనిపించేది కన్ను మూసి తెరిచేంత సేపే కావడం. అంతకు కొద్ది నెలల ముందు, 2022 నవంబరులో, అదే చోట ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి అంచె జాప్యాలు, ప్రమాదం మధ్య అసలు పోటీలు జరక్కుండానే ఆగిపోయింది. రోజూ జనం తిరిగే రోడ్డును రెండు రోజుల పాటు రేసు ట్రాకుగా మార్చడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో పోటీ ప్రభుత్వం మారాక రద్దయింది. ఆ తర్వాత సంగతి క్రీడల పేజీ నుంచి రాజకీయాల పేజీకి, కేసులకు మారిపోయింది. దాని జోలికి ఇక్కడ పోను.

చెన్నైలోనూ అంతే కష్టం. ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 2023 డిసెంబరులో పెట్టాల్సిన రాత్రి రేసు మిచాంగ్ తుపాను వల్ల వాయిదా పడింది. అదే తుపాను డిసెంబరు 5న మన బాపట్ల దగ్గర తీరం దాటి, కోతకొచ్చిన వరిని ముంచేసింది. చివరికి రేసు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది. వాన పడి, అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ అనుమతి ఆలస్యమై అప్పుడు కూడా అభిమానులు గంటల తరబడి ఎదురుచూశారు. తుపాన్ల డెల్టాలో ఏడాదికోసారి వీధి రేసు పెట్టాలనుకునేవాళ్లు ఈ అనుభవాన్ని ముందు గుర్తుపెట్టుకోవాలి.

ఇక టీ కొట్టు దగ్గర ఎక్కువ అరుపులు వినిపించేది ఇంజను దగ్గరే. మూడు లీటర్ల వీ10 ఇంజన్లు 2005తో, వీ8లు 2013తో పోయాయి. 2014 నుంచి 1.6 లీటర్ల వీ6 టర్బో, పక్కన బ్యాటరీ. ‘ఆ కూత పోయాక చూడబుద్ధి కావట్లేదు బాబాయ్’ అని ఇంజినీరింగ్ కుర్రాడు వాపోతే, ముప్పై ఏళ్లుగా లారీ ఇంజన్లు విప్పుతున్న మెకానిక్ నవ్వాడు. ‘పొగగొట్టంలోంచి వేడి పోతోందంటే ఓనరు డబ్బులు పోతున్నట్టేరా. దాన్ని పట్టుకుని మళ్లీ వాడుకుంటున్నారంటే వాళ్లు పనిమంతులు.’ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మెర్సిడెస్ 2017లో తన ఇంజను ప్రయోగశాలలో ఇంధన శక్తిలో సగానికి పైగా పనిగా మార్చిందని ప్రకటించింది. మామూలు పెట్రోలు కార్లు ఆ దరిదాపులకు రావు.

2026 నుంచి నిబంధనలు మళ్లీ మారాయి. పొగ వేడి నుంచి కరెంటు తీసే భాగాన్ని, ఖర్చు ఎక్కువ, రోడ్డు కార్లకు పనికిరాదని తీసేశారు. బ్యాటరీ వైపు మోటారు 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది. దాదాపు సగం శక్తి కరెంటుదే. పెట్రోలు స్థానంలో వ్యర్థాల నుంచో, గాలిలోంచి పట్టిన కార్బన్ నుంచో చేసిన ఇంధనం పోయాలి. ఇక్కడ మన మెకానిక్ గొంతు మారుతుంది. బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక లారీ రిపేరుకు స్పానర్ కంటే ముందు ల్యాప్‌టాప్ తీయాల్సి వస్తోందని, సెన్సరు పోతే బండి రోడ్డు మీదే మొరాయిస్తుందని, ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు పోయించి మైలేజీ తగ్గిందంటూ వచ్చేవాళ్లకు జవాబు చెప్పలేకపోతున్నానని ఏకరువు పెడతాడు. ఫార్ములా వన్ నిబంధనల పుస్తకం మనకు దూరమనుకుంటాం గానీ, దాని వెనకున్న తర్కం అప్పుడే ఆటోనగర్ దాకా వచ్చేసింది. అయినా నా లెక్కలో ఈ శబ్దం గొడవ అభిమానుల వాదనల్లో అన్నిటికన్నా తేలికది. వినోదం తగ్గితే ఛానల్ మార్చుకోవచ్చు.

ప్రాణం సంగతి అలా కాదు. డ్రైవరు తల చుట్టూ ఉండే టైటానియం చట్రం, హాలో, 2018లో వచ్చినప్పుడు హవాయి చెప్పు పట్టీలా ఉందని ఎగతాళి చేశారు. వ్యతిరేకించినవాళ్లలో రొమైన్ గ్రోజాన్ ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో అతని కారు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెను చీల్చుకుని దూరి, రెండు ముక్కలై మండిపోయింది. 27 సెకన్లు మంటల్లో ఉండి, కాలిన చేతులతో తనే బయటికొచ్చాడు. తల దగ్గర ఇనుపరేకును పక్కకు నెట్టింది హాలోనే. ఆసుపత్రి మంచం మీద నుంచే మాట మార్చుకున్నాడు. అంతకు ముందు 2014లో జపాన్‌లో జూల్స్ బియాంకీ, వానలో, ఇంకో కారును ఎత్తడానికి వచ్చిన క్రేనును గుద్దుకున్నాడు. తర్వాతి ఏడాది చనిపోయాడు. ట్రాకంతటా ఒక్కసారిగా వేగం తగ్గించే పద్ధతి ఆ తర్వాతే వచ్చింది. ఈ ఆటలో ప్రతి నియమం వెనకా ఇలాంటి తేదీ ఒకటి ఉంటుంది.

మన దగ్గరా తేదీలున్నాయి. 2023లో చెన్నై శివార్లలోని ట్రాకు మీదే జనవరిలో అనుభవజ్ఞుడైన డ్రైవర్ కె.ఇ. కుమార్, ఆగస్టులో 13 ఏళ్ల బెంగళూరు బైక్ రేసర్ చనిపోయారు. పోటీలు ఆపేశారు. పిల్లల వయసు మీద, భద్రత మీద దేశమంతా చర్చ జరిగింది. అదే మన బైపాస్ మీద అర్ధరాత్రి పందెం కాసుకుని కుర్రాడు డివైడర్‌కు కొట్టుకుంటే మర్నాడు జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్ల వార్త. పోలీసులు మోత సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కిస్తారు, ఫొటోలు వస్తాయి. వారం తిరక్కుండా కొత్త సైలెన్సర్లు బిగుస్తాయి. ఆ కుర్రాళ్లను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కానీ వాళ్లను పొమ్మనడానికి ఒక చోటంటూ లేదు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో రేసు ట్రాకు లేదు. మోజున్నవాడు హైవే మీద చెన్నై పోవాలి, లేదా హైవేనే ట్రాకు చేసుకోవాలి.

మరి ట్రాకు ఎక్కడ కట్టాలి? డెల్టా నేల దీనికి మొండి నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. తోడి, గ్రావెల్ పోసి, ఎంత దట్టించినా రోడ్డు అలలు తేలడం పామర్రు దారిలో, గుడివాడ దారిలో బండి నడిపినవాళ్లందరికీ నడుముకు తెలుసు. రేసు ట్రాకులో ఆ అల ఒక్కటున్నా బ్రేకు కొట్టిన కారు గాల్లోకి లేస్తుంది. పైగా అంతా చదునే. నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లా మట్టి పోసి ఎత్తుపల్లాలు తేవాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అంత చేసినా అక్కడ ఫార్ములా వన్ 2011 నుంచి 2013 వరకు మూడంటే మూడేళ్లే జరిగింది.

చవకైన దారి ఒకటి ఈ క్రీడకు ముందే తెలుసు. 1950 మే 13న తొలి ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు జరిగిన సిల్వర్‌స్టోన్ రెండో ప్రపంచయుద్ధపు విమాన స్థావరం. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దశాబ్దాల పాటు షోలవరంలో పాత రన్‌వే మీద గడ్డి మూటలు పెట్టి రేసులు నడిపి, ఆ అనుభవంతో 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుంది. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే పొడవు 2.1 కిలోమీటర్లే. దేశంలో ఎందరో కుర్రాళ్లు అక్కడే నేర్చుకున్నారు.

ప్రకాశం జిల్లా దొనకొండలోనూ ఆ యుద్ధకాలపు రన్‌వే ఉంది. దాని మీద విమానాశ్రయం మాటలు ఏళ్లుగా వినిపిస్తూనే ఉన్నాయి. ఆ మాటలు తేలేలోగా, టైర్ల గోడలు, రెండు అంబులెన్సులు, శిక్షణ పొందిన మార్షళ్లతో నెలకో ఆదివారం కుర్రాళ్లకు ఆ చోటు తెరవండి. హెల్మెట్, లైసెన్సు, వైద్య పరీక్ష లేనివాడిని గేటు దాటనివ్వకండి. బందరు రోడ్డు బస్సులకూ ఆటోలకూ వదిలేద్దాం.