నాడె నేర్పే పాఠం

మహారాష్ట్రలోని థానే జిల్లాలో ఉన్న భీవండి, మరమగ్గాలకు పేరుపొందిన పట్టణం. గైబీ నగర్ వంటి పేటల్లో మగ్గాల చప్పుడు పిల్లలకు పుట్టినప్పటి నుంచీ పరిచయమే. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి ఈ పట్టణంలో స్థిరపడిన నేతకార్మికులు మరమగ్గాన్ని ‘సాంచ’ అంటారు. భౌతికశాస్త్రంలో విద్యార్థులు తరచుగా పొరబడే కొన్ని విషయాలను ఈ సాంచ దగ్గరే సరిచేసుకోవచ్చు.

సాంచ మీద పడుగు దారాల మధ్య నుంచి పేక దారాన్ని తీసుకుపోయేది నాడె. ఒక పక్కనున్న కర్ర దానిని బలంగా కొడుతుంది. నాడె దూసుకుపోయి అవతలి పెట్టెలో ఆగుతుంది. అది మధ్యలో ఉన్నప్పుడు దానిని ముందుకు నెట్టే బలం ఏది? ఈ ప్రశ్నకు చాలామంది విద్యార్థులు ‘కర్ర ఇచ్చిన బలం’ అని జవాబు చెబుతారు. ఆ జవాబు సరైనది కాదు. కర్ర తాకి ఉన్నంతసేపే నాడెపై దాని బలం పనిచేస్తుంది. కర్రను విడిచిన తరువాత నాడెను ముందుకు నెట్టే బలమంటూ ఏదీ లేదు. దానికి మిగిలింది వేగం మాత్రమే. దారాల రాపిడి ఆ వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. అవతలి పెట్టెలోని బిగింపు దానిని ఆపుతుంది.

కదలిక సాగాలంటే బలం సాగుతూనే ఉండాలని పూర్వం గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ భావించాడు. పదిహేడవ శతాబ్దంలో గెలీలియో ఈ భావనను సవరించాడు. 1687లో న్యూటన్ దానిని నియమంగా చెప్పాడు. బయటి బలం పనిచేయనంత వరకు కదిలే వస్తువు అదే వేగంతో సరళరేఖలో కదులుతూ ఉంటుంది. ఈ గుణాన్నే జడత్వం అంటారు. బలం కదలికను నిలిపి ఉంచదు, కదలికను మారుస్తుంది.

ఈ తేడా పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదు. తెగిన దారాలు చిక్కుపడి నాడె దారి తప్పితే, అది మగ్గం దాటి బయటికి దూసుకువస్తుంది. 400 గ్రాముల నాడె సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్నదనుకుంటే దాని గతిజశక్తి 20 జౌళ్లు. రెండు కిలోల రాయి ఒక మీటరు ఎత్తు నుంచి పడితే నేలను తాకేటప్పుడు దాదాపు ఇంతే శక్తి ఉంటుంది. వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగు రెట్లవుతుంది. మీట నొక్కి మోటారును ఆపినా, అప్పటికే బయలుదేరిన నాడె ఆగదు. తిరిగే చక్రాలు కూడా వెంటనే ఆగవు. అందుకే సాంచ పూర్తిగా నిలిచిన తరువాతే దారం అతకడానికి చెయ్యి పెట్టాలి. నాడె ఎగిరి రాకుండా అమర్చిన అడ్డుకడ్డీని తీసివేయకూడదు.

రెండవ పొరపాటు చర్య, ప్రతిచర్యలకు సంబంధించినది. కర్ర నాడెను ఎంత బలంతో నెడుతుందో, నాడె కూడా కర్రను అంతే బలంతో వెనుకకు నెడుతుంది. ‘రెండూ సమానమైతే రద్దు కావాలి కదా, నాడె ఎలా కదిలింది?’ అనే సందేహం కలగడం సహజం. ఒకే వస్తువుపై పనిచేసే బలాలే ఒకదానినొకటి రద్దు చేసుకోగలవు. ఇక్కడ ఒక బలం నాడెపై, మరొకటి కర్రపై పనిచేస్తున్నాయి. కనుక నాడె కదులుతుంది.

మూడవది ద్రవ్యరాశికి, భారానికి మధ్య గల తేడా. బజారులో నూలు మూట ‘బరువు 50 కిలోలు’ అంటారు. శాస్త్రం ప్రకారం 50 కిలోగ్రాములు దాని ద్రవ్యరాశి. భూమి దానిని ఆకర్షించే బలమే భారం, అది సుమారు 490 న్యూటన్లు. చంద్రుడిపై ఆ మూట భారం ఆరోవంతుకు తగ్గుతుంది. నూలు మాత్రం ఒక్క పోగు కూడా తగ్గదు. దానితో ఇక్కడ ఎన్ని మీటర్ల బట్ట నేయవచ్చో అక్కడా అంతే నేయవచ్చు.

నాలుగవది కరెంటు బిల్లులోని ‘యూనిట్’. కిలోవాట్ సామర్థ్యానికి కొలత. యూనిట్, అంటే కిలోవాట్-గంట, శక్తికి కొలత. ఒక సెకనులో ఎంత పని జరుగుతుందో చెప్పేది సామర్థ్యం. మొత్తం ఎంత ఖర్చయిందో చెప్పేది శక్తి. ఒక అశ్వసామర్థ్యం అంటే 746 వాట్లు. అంతటి మోటారు పూర్తి సామర్థ్యంతో 10 గంటలు నడిస్తే, మోటారులోని నష్టాలను లెక్కించకపోయినా, 7.46 యూనిట్లు ఖర్చవుతాయి. 100 వాట్ల బల్బు 10 గంటలు వెలిగితే ఒక యూనిట్. మోటారు చిన్నదైనా రాత్రింబవళ్లు నడిస్తే బిల్లు పెద్దదే అవుతుంది.

బలం, భారం, శక్తి, సామర్థ్యం అనే మాటలు ఇంటిలోనూ వాడుకలో ఉన్నవే. వాడుకలో ఒక మాటకు బదులు మరొకటి వాడినా పని జరిగిపోతుంది. శాస్త్రంలో మాత్రం ప్రతి మాటకూ ఒకే అర్థం, ఒకే కొలత ఉంటాయి. ఆ అర్థాన్ని పట్టుకున్న విద్యార్థికి లెక్క తేలిక అవుతుంది. సాంచ దగ్గర పనిచేసేవారికి అదే అర్థం చేతివేళ్లను కాపాడుతుంది.