కంపెనీ కొనుగోలు ప్రతిపాదన – డైరెక్టర్ల విచారణ ధర్మము

వాటాలపై నడచు కంపెనీకి సొత్తుదారులు వాటాదారులు. వారి పక్షమున పాలనభారము వహించువారు డైరెక్టర్లు. కంపెనీని వశపఱచుకొనగోరి వేఱొక సంస్థ వెల చెప్పినప్పుడు అమ్ముట, మానుట వాటాదారుని యిష్టము. మంచిచెడ్డలు విచారించి చెప్పుట డైరెక్టరు ధర్మము.

విచారింపవలసిన వానిలో మొదటిది వెల. నేటి బజారు ధరకంటె ఎక్కువ ఇచ్చుచున్నంత మాత్రమున అది న్యాయమైన వెల కాజాలదు. కంపెనీ రాబోవు సంవత్సరములలో గడింపగల ఆదాయమునకు నేటి విలువ కట్టవలెను. అట్టి కంపెనీలే ఇతరత్ర ఏ వెలకు అమ్ముడుపోయినవో పోల్చవలెను. రెండవది కొనువారి శక్తి: సొమ్ము రొక్కమా, వాటాలా, అప్పా? మూడవది ప్రత్యామ్నాయము: వేఱొకరు ఎక్కువ ఇత్తురా, లేక అమ్మకుండుటయే మేలా?

ఈ విచారణ లోపించిన నేమగునో అమెరికాలోని ట్రాన్స్ యూనియన్ కంపెనీ వ్యవహారము తెలుపును. 1980లో దాని వాటా ధర 38 డాలర్ల ప్రాంతమున నుండగా 55 డాలర్లకు ప్రతిపాదన వచ్చెను. డైరెక్టర్లు ఇరువది నిమిషముల వివరణ విని, విలువను గూర్చిన అధ్యయన మేదియు చూడక, రెండు గంటలలో సమ్మతించిరి. 1985లో డెలావేర్ సుప్రీంకోర్టు అది ఘోరమైన అజాగ్రత్త యని తీర్పు చెప్పెను. తెలిసికొనక నిర్ణయించుటయే అచట దోషమయ్యెను.

పక్షపాతము మఱియొక దోషము. కంపెనీ నడపువారికి తమ పదవులపై మమకార ముండుట సహజము. అందుచేత భారతదేశమున 2011 నాటి సెబీ నిబంధనలు, బహిరంగ ప్రతిపాదన వచ్చినప్పుడు స్వతంత్ర డైరెక్టర్ల సంఘము నేర్పఱచి, దాని సలహాను కారణములతో ప్రకటింపవలెనని విధించినవి.

బెంగుళూరు మైండ్‌ట్రీ కంపెనీ ఇందుకు నిదర్శనము. 2019 మార్చిలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ, వి. జి. సిద్ధార్థ పక్షమునగల నూటికి 20.32 వంతుల వాటాను, వాటా ఒక్కింటికి 980 రూపాయల చొప్పున కొనుటకు ఒప్పందము చేసికొనెను. అదే వెలకు మఱి 31 వంతులకు బహిరంగ ప్రతిపాదన చేసెను. స్థాపకులు తీవ్రముగ ప్రతిఘటించిరి. తన వాటాలను తానే తిరిగి కొను ఆలోచనను బోర్డు విరమించి, స్వతంత్ర డైరెక్టర్ల సంఘమును నియమించెను. స్థాపకుల ఆవేదన అట్లుండగా, ఆ సంఘము జూన్ నెలలో 980 రూపాయల వెల న్యాయమైనదేనని సలహా నిచ్చెను. కొన్న సంస్థ వాటా నూటికి 60 వంతులకు చేరెను. జులైలో ముగ్గురు స్థాపకులు పదవులు విడిచిరి.

అయినను సలహా ఆజ్ఞ కాదు. వాటాలు అప్పగించు గడువు ప్రారంభమగుటకు కనీసము రెండు పనిదినములు ముందుగ వెలువడు ఆ ప్రకటనలో కారణములే కాక, సంఘసభ్యులకు గల వాటాలు, కొనువారితో వారికిగల సంబంధములు కూడ వివరింపబడును. పది వాటాలున్న గృహస్థుడైనను వానిని చదివిన పిమ్మటనే చేవ్రాలు చేయుట యుక్తము.