దించే ముందు దారి చూడండి

కారు కాస్త కిందికి దిగితే ఆ లుక్కే వేరు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ తగ్గి, బండి రోడ్డును పట్టుకుని కూర్చున్నట్టుంటుంది. అందుకే మెకానిక్ దగ్గర కుర్రాళ్లు వేసే మొదటి ప్రశ్న: ‘అన్నా, ఎంత దిగుద్ది?’ జూలూరుపాడు లాంటి చోట అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ‘దిగాక చక్రం పైకి కదలడానికి ఎంత జాగా మిగులుద్ది?’ కాయిలోవర్ కిట్ల మధ్య తేడా తెలిసేది ఈ ప్రశ్నతోనే.

లెక్క ఇదీ..

ఖాళీగా ఉన్న ఇప్పటి స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. 40 దించితే మిగిలేది 123. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు. ఊళ్లలో మనం దాటేవన్నీ ఆ కొలతలో ఉండవు. ఇరుకుగా, నిటారుగా వేసిన బ్రేకరే బండి అడుగును గీస్తుంది. కొనే ముందు నలుగురిని కూర్చోబెట్టి, బండి కింద అన్నింటికన్నా దిగువన ఉన్న భాగం నుంచి నేల దాకా టేపుతో కొలవండి. అందులోంచి దించాలనుకున్నది తీసేయండి. మిగిలిన అంకె చూశాకే డబ్బు సంగతి మాట్లాడండి.

కిట్‌లో చూడాల్సినవి

కాయిలోవర్ అంటే షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగ్ కలిసిన యూనిట్. షాక్ ఒంటికి మరలుంటాయి. వాటి మీద రింగు తిప్పి ఎత్తు మార్చుకుంటారు. స్విఫ్ట్‌లో ముందువైపే ఇలా అమరుతుంది. వెనక స్ప్రింగ్, షాక్ విడివిడిగా ఉంటాయి. ఆ వెనక ఎత్తును ఎలా మారుస్తారో అమ్మేవాళ్లను అడగండి.

ఎత్తు: కొన్నింటిలో స్ప్రింగ్ కింది రింగును దించితేనే బండి దిగుతుంది. అప్పుడు గుంతలో షాక్ లోపలికి పోవడానికి ఉండే దూరం కూడా తగ్గుతుంది. మరికొన్నింటిలో కింది బ్రాకెట్టే మరల మీద కదులుతుంది. వీటిలో షాక్ కదలిక దాదాపు అలాగే ఉంటుంది. అయితే టైరు లోపల తగలకుండా చూసుకోవాల్సిందే.

స్ప్రింగ్: దీని గట్టిదనాన్ని కిలో పర్ మిల్లీమీటర్‌లో చెబుతారు. 6 కిలోల స్ప్రింగ్ అంటే ఒక్క మిల్లీమీటరు నొక్కడానికి 6 కిలోల బరువు కావాలి. కదలిక తగ్గింది కాబట్టి గట్టి స్ప్రింగ్ పెడతారు. గతుకు దెబ్బ నడుముకు తగిలేది అందుకే. ఖర్చు తగ్గుతుందని పాత స్ప్రింగును కోయించడం మాత్రం వద్దు. చక్రం కిందికి వేలాడినప్పుడు అది కూర్చున్న చోటు నుంచి జారే ప్రమాదముంది.

డ్యాంపింగ్: జర్మనీ కంపెనీ కేడబ్ల్యూలో వేరియంట్ 1కి ఇది ఫ్యాక్టరీలోనే ఫిక్స్. వేరియంట్ 2లో స్ప్రింగ్ సాగేటప్పటి వేగాన్ని మార్చుకోవచ్చు. 3లో నొక్కుకునేటప్పటిది కూడా. బిల్‌స్టీన్ బీ14 ఫిక్స్, బీ16లో మార్చుకోవచ్చు. నాబ్‌లు ఎక్కువుంటే కిట్ గొప్పదని కాదు. సెట్ చేసే మనిషి దగ్గర్లో లేకపోతే ఫిక్స్ రకమే నయం. ఏది బిగించినా తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 బండి మార్పులకు హద్దులు పెట్టింది. కంపెనీ ఇచ్చిన మూల స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మార్పు సంగతి చెప్పకపోతే ప్రమాదం తర్వాత ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి.

మరి ఏం చేయాలి?

ఇంట్లో ఉన్నది ఒక్క కారే, అర్ధరాత్రి ఖమ్మం ఆసుపత్రికి పోవాలన్నా అదే దిక్కంటే దించొద్దు. అరిగిన షాక్‌లు, బుష్‌లు మార్చి కంపెనీ రకంవే వేయిస్తే మలుపులో బండి ఊగడం తగ్గుతుంది. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వే లాంటి ట్రాక్ కోసం వేరే బండి ఉంటే, కింది బ్రాకెట్ కదిలే కిట్ చూడండి.

సస్పెన్షన్ మీద మోజు నిజమైతే అది బతుకుదెరువూ అవుతుంది. పది పాసైతే ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా ఉంది. ఇంజినీరింగ్‌లో చేరితే బాజా ఎస్ఏఈ ఇండియా పోటీలో విద్యార్థులే బండి తయారుచేసి రాళ్ల దారిలో నడిపిస్తారు. అక్కడ ఎంత దించారని ఎవరూ అడగరు. చక్రం ఎంత కదిలింది, బండి చివరిదాకా నిలిచిందా అనేదే చూస్తారు. మన రోడ్డుకు పనికొచ్చే చదువు అది.