చుక్క కారుతోందా... ఆగండి, బిగించేయొద్దు!

బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీలకు ఏటీవీ తయారుచేశామని రెజ్యుమెలో రాశారా? అయితే ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: 'డ్రెయిన్ ప్లగ్ దగ్గర ఆయిల్ కారుతోంది. ఏం చేస్తారు?'

'ఇంకాస్త బిగిస్తాం' అన్నారో, దొరికిపోయినట్టే! చాలా ఇంజిన్ల కేసు అల్యూమినియం, ప్లగ్ ఉక్కు. బలం ఎక్కువైతే థ్రెడ్ పోయేది కేసుకే.

ముందు శుభ్రంగా తుడిచి, ఇంజిన్ కాసేపు నడిపి, లీక్ ఎక్కడో చూడాలి. పైన గాస్కెట్ నుంచి జారిన ఆయిల్ కూడా ప్లగ్ దగ్గరికే చేరి చుక్కలు కడుతుంది. ప్లగ్ దగ్గరే అని తేలితే ఆయిల్ దించి, వాషర్ ఉండే రకమైతే కొత్తది వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే టార్క్ రెంచ్‌తో బిగించాలి. థ్రెడ్ పోతే హెలికాయిల్ వేయించాలి.

ఈ వరసలో చెప్పండి. బండి కింద దూరి పనిచేసిందెవరో బోర్డుకు ఇట్టే తెలిసిపోతుంది.