తుపానులో ఒక రొట్టె

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి వాసులకు పెద్ద నీళ్లంటే నిజాంసాగరే. నడిసముద్రంలో తెరచాప పడవ మీద బతకడమంటే ఏమిటో మనకు తెలియదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి ‘తరిణి’ అనే చిన్న పడవలో ఆరుగురు నౌకాదళ మహిళాధికారులు బయలుదేరి, 254 రోజుల్లో లోకం చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగుబిడ్డలు. ఏడు మీటర్ల ఎత్తు కెరటాలు లేచినా అక్కడ తెరచాప చూసుకోవాలి, వంతులవారీగా నిద్రపోవాలి, ఇంత తినాలి. తినని చెయ్యి తాడు పట్టలేదు.

పౌలు ఎక్కిన ఓడలో ఈ తిండే ఆగిపోయింది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చూడండి. ఖైదీగా రోమాకు వెళ్తున్న పౌలు గోధుమల ఓడలో మధ్యధరా సముద్రం మీదున్నాడు. క్రేతు దగ్గర ఊరకులోను అనే పెనుగాలి విసిరింది. ఓడ విడిపోకుండా తాళ్లతో బిగించారు, సరకులు పారేశారు. సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. పద్నాలుగు రోజులు 276 మంది తిండి మానేశారు.

ఎవరి ప్రాణానికీ హాని రాదని దేవుడు దూత ద్వారా ముందే వాగ్దానమిచ్చాడు. అయినా నావికులు నీటి లోతు కొలిచారు, నాలుగు లంగరులు వేశారు. తెల్లవారుతుండగా పౌలు రొట్టె పట్టుకొని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తిన్నాడు. అది చూసి అందరూ ధైర్యం తెచ్చుకొని తిన్నారు. అప్పటికి ఒడ్డు కనబడలేదు. తరువాత ఓడ పగిలింది గాని మెలితే ఒడ్డుకు ఒక్కరూ తప్పకుండా చేరారు.

గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు నుండి ఫోను రాక ఎల్లారెడ్డిలో ఒక తల్లి అన్నం మానేసింది. ‘‘కొడుకు జాడ తెల్వకుంట ముద్దెట్ల దిగుతది అయ్యగారూ?’’ అంది. నాకు జవాబు తోచలేదు. ‘‘నాక్కూడా ఇంత పెట్టమ్మా, ఇద్దరం తిందాం’’ అన్నాను. ప్రార్థించి తిన్నాం. మర్నాడు ఆమె పాస్‌పోర్టు కాగితాలు పట్టుకొని కామారెడ్డి కలెక్టరేట్‌కు వెళ్లింది. ఫోను చాలా రోజులకు వచ్చింది. లేచి నడిచే బలం మాత్రం ఆ రాత్రి ముద్దతోనే వచ్చింది.

ప్రియులారా, పస్తుండి కుమిలిపోవడం విశ్వాసం కాదు. ఒడ్డు కనబడకముందే దేవునికి కృతజ్ఞత చెల్లించి, చేతిలో ఉన్న పని చేయడమే విశ్వాసం. మీ వీధిలో ఎవరింట పొయ్యి వెలగలేదో ఈ వారం చూడండి. వాక్యంతోపాటు ఒక రొట్టె కూడా తీసుకెళ్లండి.