ఒక జబ్బుకు మూడు మందులా?

"మాష్టారూ, అమ్మకున్నది ఒక్కటే జబ్బు గదా, మూడు మందులెందుకండీ? పైగా ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారు. మా అమ్మ మీద ప్రయోగం చేస్తారా ఏంది?"

హైదరాబాదు నుంచి వచ్చి, బోనకల్ స్టేషనులో రైలు దిగి, చేతిసంచీ అయినా ఇంట్లో దించకుండా మా అరుగు మీద కూలబడి మిరపరైతు ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. అతని తల్లికి రొమ్ము కాన్సరు. నొప్పి లేని గడ్డే గదా అని ఆమె ఏడాదిపాటు కొంగుచాటున దాచుకున్నది. డాక్టరు చూసేసరికి అది ఎముకలకు పాకింది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. వైద్యం నా విద్య కాదు. అయినా కాగితం పట్టుకుని వచ్చినవాడికి చదివి చెప్పడం అక్షరం వచ్చినవాడి ధర్మం గదా! చదివాను. ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు మందులు ఒక జట్టుకు ఇస్తారట. ఆ రెండింటికీ తోడు మూడవదొకటి కొత్తది రెండవ జట్టుకు ఇస్తారట. ఏది మేలో తేల్చడమే ఆ పరీక్ష.

"నీ తోటలో తామరపురుగుకి ఒకే మందు కొడుతూ పోతే ఏమవుతుంది?" అన్నాను.

"మొదట చస్తయి. కొన్ని మొండివి మిగుల్తయి. తర్వాత వాటి సంతానమే తోటంతా."

కాన్సరు కథ కూడా ఇంచుమించు అంతే. ఒక మందుకు లొంగని కణాలు కొన్ని మిగిలి, అవే మళ్ళీ పెరుగుతాయి. అందుచేత ఒక మందు తప్పించుకున్న కణాన్ని మరొకటి పట్టుకోవాలని, వేరువేరు చోట్ల దెబ్బ తీసే మందులను కలిపి ఇస్తారు. అన్నీ ఒకే అవయవాన్ని బాధపెట్టేవి కాకుండా చూసుకుంటారు.

ఈ కథలో మన తెలుగువాడి పాలు కూడా ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనాగారంలో నడిపించిన కృషి ఫలితంగా ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన మందులు తయారైనాయి. కణం పెరగడానికి ఆ ఆమ్లం కావాలి. దాని పని సాగకుండా ఈ మందులు అడ్డుపడతాయి. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌తో రక్తకాన్సరు పిల్లలకు తాత్కాలికంగా నెమ్మదించిందని 1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ రొమ్ము కాన్సరు మీద కూడా పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ అనే వైద్యురాలు చూపించారు.

1976లో ఇటలీలోని మిలాన్ నుంచి బొనడొన్నా అనే డాక్టరు మరో మెట్టు ఎక్కించారు. శస్త్రచికిత్స అయిన 386 మంది స్త్రీలలో కొందరికి మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్, ఫ్లోరోయురాసిల్ కలిపి ఇచ్చారు. తక్కినవారికి మందు ఇవ్వలేదు. 27 నెలలలో జబ్బు తిరగబెట్టినవారు మందు పుచ్చుకోనివారిలో నూటికి 24 మంది. పుచ్చుకున్నవారిలో నూటికి అయిదుగురు!

"అయితే మూడు మందులే మేలన్నమాట!" అన్నాడు రైతు, ముఖం విప్పారి.

తొందరపడవద్దన్నాను. అది జబ్బు ఒంట్లో పాకకముందు సంగతి. పాకిన తర్వాత లెక్క వేరు. 2003లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో అటువంటి 739 మంది స్త్రీలున్నారు. డాక్సోరూబిసిన్ ఒక్కటే ఇస్తే నూటికి 36 మందిలో, పాక్లిటాక్సెల్ ఒక్కటే ఇస్తే 34 మందిలో గడ్డ తగ్గింది. రెండూ కలిపితే 47 మందిలో తగ్గింది. కాని ఆయుర్దాయం చూస్తే, కలిపి పుచ్చుకున్నవారు ఎక్కువ కాలమేమీ బతకలేదు! గడ్డ తగ్గడం వేరు, ఆయువు పెరగడం వేరు.

అట్లాగని నిరాశ పడనక్కరలేదు. హెర్-2 అనే గుర్తు ఎక్కువగా ఉండే రకం రొమ్ము కాన్సరు ఒకటున్నది. అది పాకిన 808 మందిలో ట్రాస్టుజుమాబ్, డోసిటాక్సెల్ అనే రెండు మందులకు పెర్టుజుమాబ్ చేర్చి చూశారు. రెండు మందులవారిలో సగంమంది 40.8 నెలలు దాటి బతికితే, మూడు మందులవారిలో సగంమంది 56.5 నెలలు దాటి బతికారని 2015లో లెక్క తేలింది. ఒకచోట కలపడం లాభించలేదు, మరొకచోట లాభించింది. ఇది ఊహించి చెప్పగలిగేది కాదు గనుకనే పరీక్ష.

"మరి అమ్మ ఏ జట్టులో పడుతుందో డాక్టరు చెప్పడేం?"

చీటీ వేసినట్టు తేలుస్తారు గనుక! డాక్టరే ఏరితే, గట్టిగా ఉన్నవారికి కొత్త మందు, నీరసించినవారికి పాతది ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు గెలిచింది మందో, మనిషి బలమో తెలియదు.

మన దేశంలో ఈ పరీక్షలకు 2019 నాటి నిబంధనలున్నాయి. నైతిక సంఘం ఒప్పుకోవాలి. రోగికి అర్థమయ్యే భాషలో అంతా చెప్పాలి. చదవడం రానివారైతే, పరీక్షతో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కన ఉండాలి. మందు వల్ల హాని కలిగితే వైద్యం ఉచితంగా చేయించాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నందుకు మామూలు వైద్యం ఆగకూడదు.

"సరే, మీరు చెప్పారు గదా, వేలిముద్ర వేయిస్తా," అని లేచాడు.

"నేను చెప్పింది నీకు. వేలు ఆమెది గదా!" అన్నాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, నులకమంచం మీద కూర్చున్న ఆ పెద్దమ్మకు మొదటినుంచి మళ్ళీ చెప్పాను. వాంతులవుతాయనీ, జుట్టు ఊడవచ్చుననీ, కొత్త మందు మేలు చేస్తుందన్న హామీ లేదనీ దాచకుండా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"హైదరాబాదు ఎన్నిసార్లు పోవాల? మిరప కోతలప్పుడు నా కొడుకు నాతో తిరుగుతుంటే తోట ఎవరు చూస్తరు?" అన్నది చివరకు.

ఇన్ని లెక్కలు చెప్పిన నాకు ఆ లెక్క తట్టనే లేదు! ఆ ప్రశ్నలే డాక్టరును అడగమని ఒక చీటీ మీద రాసిచ్చాను. వెళ్ళవలసిన రోజులెన్ని, దారిఖర్చులెవరివి, ఒప్పుకోకపోతే ఏ మందిస్తారు అని. సమాధానాలు వినే దాకా వేలిముద్ర వెయ్యనన్నది. అది భయం కాదు, తెలివి.

నేను లేవబోతుంటే కోడలిని పిలిచి, "నాలాగా దాచుకోకు తల్లీ," అన్నది.

చదువుతున్న అమ్మలకూ అక్కలకూ నేను వేరే చెప్పవలసిందేమీ లేదు. గడ్డ నొప్పి పెట్టకపోయినా సరే, చేతికి తగిలిన వారంలోనే డాక్టరుకు చూపించండి. ప్రతి గడ్డా కాన్సరు కాదు. అయితేమాత్రం, ముందే పట్టుకున్నదాన్ని నయం చెయ్యడానికి నేడు ఎన్నో దారులున్నాయి.