అచ్చు అంటే అచ్చాఫీసు కాదు

మా కచేరీలో జరిగిన ఒక పొరపాటును సభ్య సోదరులకు విన్నవించుకొంటున్నాను. విని నవ్వుకొన్నా సరే, ఆ తరువాత కాస్త ఆలోచించవలెనని ప్రార్థన.

షోలాపురంలోని మా సంఘానికి ఒక వృద్ధ సభ్యులు చీటీ పంపారు: "అచ్చు పాడయినది. కొత్తది ఇప్పించగలరు." చీటీ అందుకొన్న కుర్రవాడు నేతవారి బిడ్డే గాని, మరాఠీ బడిలో చదివినవాడు. రశీదు పుస్తకాల సంగతి కాబోలు ననుకొని తిన్నగా అచ్చాఫీసుకు వెళ్ళాడు! ఇక్కడ నాలుగు రోజులు మగ్గం నిలిచిపోయింది. ఆ ఇంట నాలుగు రోజుల కూలి పోయింది. పడుగు పోగులను విడివిడిగా నిలిపి, పేకను దగ్గరకు కొట్టే అచ్చును వాడు 'ఫణీ' అనే ఎరుగును. తప్పు వాడిది కాదు, చెప్పని పెద్దలది.

మనం స్థిరపడిన చోటి మాటలు నేర్వవద్దని నేననను. మన పడుగు-పేకలను కన్నడంలో హాసు-హొక్కు అంటారు, తమిళంలో పావు-ఊడై అంటారు, మరాఠీలో తాణా-బాణా అంటారు. అవీ నేతగాళ్ళ మాటలే. మన కండె మరాఠీవారి 'కాండీ'కి చుట్టమే. కాని నేతింటి పిల్లవాడికి 'పేక' అంటే చీట్లపేక ఒక్కటే తోస్తే మనకు చిన్నతనం కాదా?

"ఆసులో కండెలా తిరుగుతావేమిరా" అని ఇంట్లో అవ్వలు కోప్పడతారు. ఆసు ఏమిటో తెలియని మనుమడికి ఆ చీవాటు సగమే అందుతుంది.

పనిముట్టు మారితే మాట పోక తప్పదని కొందరంటారు. అది నిజం కాదు. చిటికి పట్టుచీరకు ఆసు పోయడంలో ఒక్కొక్క చీరకు సుమారు 9000 సార్లు చేయి ఆడించాలి. తల్లి లక్ష్మమ్మగారు పడే ఆ బాధ చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశంగారు 1999లో యంత్రం కల్పించారు. 2017లో వారికి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పేరు 'లక్ష్మీ ఆసు'. చేతి నొప్పి పోయింది, మాట నిలిచింది.

కనుక ప్రతి ఇంటా ఒక నోటుపుస్తకం పెట్టండి. అవ్వను, తాతను అడిగి మాట, దాని పని, పక్కనే ఇరుగుపొరుగు భాషలోని పేరు వ్రాయండి. వ్రాత పిల్లల చేతనే వ్రాయించండి. మా కుర్రవాడు ఇప్పటికి ఒక పుట నింపాడు. మొదటి మాట 'అచ్చు'.